చౌక రాష్ట్రానికి మారే ముందు

కాలిఫోర్నియా బే ఏరియాలోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగు కుటుంబం టెక్సాస్‌కో నార్త్ కరోలినాకో మారాలనుకుంటే, దాని వెనక చాలాసార్లు ఉండే కారణం ఇల్లే. బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో మూడు బెడ్‌రూముల పాత ఇంటికి 15 లక్షల డాలర్లు అడుగుతుంటే, డాలస్ శివారు ఫ్రిస్కోలో అందులో సగం పెడితే కొత్త ఇల్లు, పైన మీడియా రూము, వెనక పెరడు వస్తాయి. 2000 జనాభా లెక్కల్లో 34 వేలకు కూడా చేరని ఫ్రిస్కో, 2020 నాటికి రెండు లక్షలు దాటింది. వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో అక్కడి హనుమాన్ గుడి దగ్గర శనివారం పార్కింగ్ చూస్తే తెలుస్తుంది. అక్కడి గృహప్రవేశాల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటాయి. మిగతా ఇళ్ళలో చర్చ అక్కడే మొదలవుతుంది.

ధరల్లో తేడా నిజమే. అయితే రాష్ట్రం మారితే ఖర్చు తగ్గడం కన్నా దాని రూపం మారడం ఎక్కువ. ఒకచోట జీతంలోంచి కోత పడితే, మరోచోట ఇంటి మీద బిల్లు వస్తుంది. ఒకచోట అద్దె భారమైతే, మరోచోట ఇన్సూరెన్సు, కరెంటు, రెండో కారు భారమవుతాయి. ఏ రూపంలో వచ్చే ఖర్చును తట్టుకోగలదన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కోలా ఉంటుంది. నగరాల సగటు ఖర్చులను పోల్చే వెబ్‌సైట్ల పట్టికలు ఈ విషయంలో పెద్దగా ఉపయోగపడవు. సొంత బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని లెక్క వేసుకోవాల్సిందే.

ముందుగా పన్నులు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయప్పన్ను లేదు. ఇక ముందూ విధించకుండా 2019లో రాజ్యాంగ సవరణే చేసుకున్నారు. ఫ్లోరిడా, టెనెసీ, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ జీతాల మీద పన్ను లేదు. నార్త్ కరోలినాలో ఎంత సంపాదించినా ఒకటే రేటు: 2025లో 4.25 శాతం, 2026 నుంచి 3.99 శాతం. కాలిఫోర్నియాలో మెట్లు మెట్లుగా పెరిగి పై మెట్టు 13.3 శాతానికి చేరుతుంది. భార్యాభర్తల ఉమ్మడి పన్ను ఆదాయం సుమారు 1,40,000 డాలర్లు దాటితే, ఆపైన ప్రతి డాలరు మీదా కనీసం 9.3 శాతం పడుతుంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఏడాదికి 2,50,000 డాలర్లు సంపాదించే జంటను తీసుకుందాం. కాలిఫోర్నియాలో వాళ్ళు కట్టే రాష్ట్ర ఆదాయప్పన్ను సుమారు 15,000 డాలర్లు. జీతంలోంచి విడిగా కోసే డిజబిలిటీ ఇన్సూరెన్సు మరో 3,000. మొత్తం 18,000. టెక్సాస్‌లో ఈ రెండూ ఉండవు. కానీ అక్కడి బడులు, కౌంటీలు, నగరాలు నడవడానికి డబ్బు ఎక్కడి నుంచో రావాలి కదా. అది ఇళ్ళ మీది నుంచి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల స్కూల్ డిస్ట్రిక్టు, కౌంటీ, నగరం, కమ్యూనిటీ కాలేజీ పన్నులన్నీ కలిపితే ఇంటి విలువలో సుమారు 2 శాతం. కొత్తగా వేసిన కాలనీల్లో నీటి, మురుగు పైపుల అప్పు తీర్చడానికి మడ్ పన్ను కూడా ఉంటే 2.5 శాతం దాటొచ్చు. ఏడు లక్షల ఇంటికి 2 శాతం లెక్కన 14,000. సొంతానికి ఉండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపును 2025లో స్కూలు పన్ను వరకు 1,40,000 డాలర్లకు పెంచారు కాబట్టి, సుమారు 12,500 అవుతుంది.

అంటే కాలిఫోర్నియాలో అద్దెకున్న ఈ జంట టెక్సాస్‌లోనూ అద్దెకే ఉంటే 18,000 డాలర్లూ మిగులుతాయి. ఇల్లు కొంటే పన్నుల లెక్కలో మిగిలేది 5,500 మాత్రమే. కంపెనీ అక్కడి జీవన వ్యయం చూపించి జీతంలో 10 శాతం కోస్తే 25,000 పోతాయి. చాలా కంపెనీలు ఊరిని బట్టి జీతం నిర్ణయిస్తాయి, మారిన రోజునే సవరిస్తాయి. పన్ను ఆదా ఉత్సాహంలో, జీతం తగ్గుతుందా అన్న ప్రశ్న హెచ్‌ఆర్‌ను ముందుగా అడగనివాళ్ళే ఎక్కువ.

ఈ రెండు పన్నుల మధ్య తేడా మొత్తాల్లోనే కాదు, స్వభావంలోనూ ఉంది. ఆదాయప్పన్ను ఆదాయాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఉద్యోగం పోయిన నెల నుంచీ అదీ ఆగిపోతుంది. ఇంటి పన్నుకు యజమాని ఉద్యోగంలో ఉన్నాడా లేడా అన్నది పట్టదు. టెక్సాస్‌లో బిల్లు అక్టోబరు ప్రాంతంలో వస్తుంది, జనవరి 31 లోపు కట్టాలి. లేఆఫ్‌లు సర్వసాధారణమైన రంగంలో బతికే కుటుంబానికి ఈ ఒక్క తేడా ఆదా మొత్తం కన్నా ముఖ్యం. అందుకే టెక్సాస్‌కు మారే కుటుంబం ఇంటి పన్ను, ఇన్సూరెన్సులకు ఏడాది సరిపడా సొమ్ము విడిగా ఉంచుకోకుండా కొనకూడదు.

కాలిఫోర్నియాలో సొంత ఇల్లున్నవారి కథ వేరు. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం అక్కడ మూల పన్ను కొన్న ధరలో 1 శాతం. పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. స్థానిక పన్నులు కలిసినా, పదిహేనేళ్ళ కింద కొన్నవాళ్ళు నేటి మార్కెట్ విలువతో పోలిస్తే చాలా తక్కువే కడుతుంటారు. టెక్సాస్‌లో సొంత నివాసానికి కూడా లెక్క విలువ ఏటా 10 శాతం వరకు పెరగొచ్చు. ఆ విలువ ఎక్కువగా ఉందనిపిస్తే సాధారణంగా మే 15 లోపు అప్రైజల్ డిస్ట్రిక్టుకు అభ్యంతరం చెప్పుకోవాలి. అక్కడ పాతుకుపోయినవాళ్ళకు ఇది ఏటా చేసే పని. కొత్తగా వెళ్ళినవాళ్ళు మొదటి ఏడాది తెలియక వదిలేస్తారు.

న్యూజెర్సీ నుంచి వెళ్ళేవాళ్ళకు లెక్క తలకిందులవుతుంది. దేశంలో ఇంటి పన్ను అత్యంత భారంగా ఉన్న రాష్ట్రం అదే. 2024లో సగటు బిల్లు 10,000 డాలర్లు దాటింది. ఆదాయప్పన్ను మాత్రం మధ్యస్థ ఆదాయాల దగ్గర అంత భయంకరం కాదు. రెండు లక్షల డాలర్ల జంట న్యూజెర్సీలో కట్టేదీ నార్త్ కరోలినాలో కట్టేదీ పక్కపక్కన పెడితే తేడా వెయ్యి డాలర్లకు అటూ ఇటూగానే తేలుతుంది. రాలీ పక్కన కేరీలో ఇంటి పన్ను విలువలో 1 శాతం దగ్గర్లో ఉంటుంది కాబట్టి అసలు ఆదా అక్కడుంది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. న్యూయార్క్ కంపెనీ ఉద్యోగాన్ని సొంత సౌకర్యం కోసం కేరీ నుంచి చేస్తే, పని ఎక్కడ కూర్చుని చేసినా ఆ జీతం మీద న్యూయార్క్ పన్ను వేస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మారినంత మాత్రాన ఆ పన్ను వదలదు.

కంపెనీ షేర్లు ఉన్నవారికీ ఇలాంటిదే ఒకటుంది. కాలిఫోర్నియాలో పనిచేస్తుండగా ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు టెక్సాస్‌కు వచ్చాక చేతికందినా, ఇచ్చిన రోజు నుంచి అందిన రోజు వరకు కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల వాటా మీద ఆ రాష్ట్రం పన్ను అడుగుతుంది. మారిన తర్వాత ఆ షేర్లన్నీ చేతికందేదాకా ఆ పాత లెక్క వెంట వస్తూనే ఉంటుంది.

పన్నుల తర్వాత ఇంటి అప్పు. 2020, 2021 సంవత్సరాల్లో ముప్ఫై ఏళ్ళ అప్పు 3 శాతం చుట్టుపక్కల దొరికింది. 2022 చివరికి అది రెట్టింపు దాటింది. 3 శాతానికి తీసుకున్న ఆరు లక్షల అప్పుకు నెల వాయిదా సుమారు 2,530 డాలర్లు. 6.5 శాతానికి నాలుగు లక్షల అప్పు తీసుకున్నా వాయిదా అంతే. ధరలో మూడో వంతు తగ్గిందన్న సంతోషం వడ్డీతోనే సరిపోతుంది. పాత ఇంటి అమ్మకంలో వచ్చిన లాభాన్ని కొత్త ఇంటిలో పెట్టి అప్పు బాగా తగ్గించుకునేవారికి, లేదా అప్పే అక్కర్లేనివారికి ఈ మార్పు నిజంగా లాభం. ఎప్పుడో తక్కువకు కొని ఇప్పుడు అమ్మేవారే ఈ వలసలో ఎక్కువ బాగుపడేది. కిందటి మూడు నాలుగేళ్ళలో ఎక్కువ ధరకు కొన్నవారికి మిగిలేది తక్కువ.

అమ్మితే, చివరి ఐదేళ్ళలో రెండేళ్ళు అందులో నివసించి ఉన్న జంటకు అయిదు లక్షల డాలర్ల లాభం వరకు ఫెడరల్ పన్ను ఉండదు. ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి వెళ్ళేవారు ఈ గడియారాన్ని గుర్తుంచుకోవాలి: ఖాళీ చేసిన మూడేళ్ళలోపు అమ్మకపోతే ఆ మినహాయింపు పోతుంది. అద్దె మీదా, తర్వాత వచ్చే లాభం మీదా కాలిఫోర్నియా తన వాటా తీసుకుంటుంది. అయినా తిరిగి రావాల్సి రావొచ్చన్న అనుమానం బలంగా ఉన్నవారికి రెండేళ్ళ పాటు అద్దెకివ్వడమే మంచిది. ఒకసారి అమ్మేశాక పాత పన్ను లెక్కా 3 శాతం అప్పూ మళ్ళీ దొరకవు.

ఇక ఇంటి పరిమాణం. బే ఏరియాలో 1,500 చదరపు అడుగుల్లో సర్దుకున్న కుటుంబం డాలస్‌లో 3,500 చదరపు అడుగులకు వెళ్తుంది. ఎంత చెట్టుకు అంత గాలి. వేసవిలో వారాల తరబడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఊళ్ళో రెండంతస్తులకు ఏసీ, పెరడుకు నీళ్ళు, పైకప్పుకు ఇన్సూరెన్సు, గదులన్నిటికీ సామాను. ఉత్తర టెక్సాస్‌లో వడగళ్ళు పైకప్పులను పాడుచేస్తాయి. పాలసీల్లో వడగళ్ళ డిడక్టబుల్ ఇంటి బీమా మొత్తంలో 1 లేదా 2 శాతంగా రాసి ఉంటుంది. ఆరు లక్షల బీమాకు 2 శాతం అంటే ప్రతి వడగళ్ళ వానకూ మొదటి 12,000 డాలర్లు యజమానివే. అక్కడి బంకమట్టి ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బి, పునాదిని కదిలిస్తుంది. అందుకే ఎండాకాలంలో పునాది చుట్టూ నీళ్ళు పట్టడం అక్కడివారికి అలవాటు. హ్యూస్టన్‌లో అయితే ముందు చూడాల్సింది వరద పటం. 2017 హార్వీ తుపాను తర్వాత కూడా ఆ పటం చూడకుండా కొనేవాళ్ళున్నారు. మామూలు ఇంటి పాలసీలో వరద నష్టం ఉండదు. ఫెడరల్ వరద పాలసీ విడిగా తీసుకుంటే సాధారణంగా ముప్ఫై రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ కరెంటు వ్యవస్థ దాదాపు కుప్పకూలి లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో, చలిలో ఉన్నాయి. పసిపిల్లలో పెద్దవాళ్ళో ఉన్న ఇంటికి జనరేటరు ఖర్చు విలాసం కిందికి రాదు.

వీసా మీద ఉన్న కుటుంబానికి డబ్బు లెక్క కన్నా ముందు తేలాల్సింది కాగితాల లెక్క. హెచ్-1బి ఒక యజమానితో పాటు ఒక ప్రాంతానికీ ముడిపడి ఉంటుంది. 2015లో సిమియో అనే ఇమిగ్రేషన్ కేసులో వచ్చిన తీర్పు తర్వాత, పనిచేసే చోటు మరో మెట్రో ప్రాంతానికి మారితే కంపెనీ ముందుగానే సవరణ పిటిషన్ వేయాలి. ఇంటి నుంచి పనిచేసినా ఆ ఇల్లే పనిచేసే చోటు. మేనేజరు సరేనన్నాడని సామాను సర్దేసి, లాయర్లకు తర్వాత చెప్పడం ప్రమాదం. గ్రీన్‌కార్డు కోసం వేసే పెర్మ్ దరఖాస్తు కూడా ఉద్యోగ ప్రాంతాన్ని బట్టే ఉంటుంది. అది మధ్యలో ఉండగా ప్రాంతం మారితే చాలాసార్లు మొదటికొస్తుంది. తర్వాతి మెట్టయిన ఐ-140 ఆమోదం పొందాక, వరుసలో స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ నిలుస్తుంది కాబట్టి నష్టం తక్కువ. చివరి మెట్టయిన ఐ-485 వేసి 180 రోజులు దాటినవారికి, అదే తరహా ఉద్యోగమైతే, కదలడం ఇంకా సులువు. ఈ మూడు దశల్లో కుటుంబం ఎక్కడుందో చూసుకుని, వీలైతే ఐ-140 వచ్చేదాకా ఆగడం మేలు.

హెచ్-1బి ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి దొరికే గడువు అరవై రోజులు. అందుకే ఊళ్ళో మొత్తం ఎన్ని కంపెనీలున్నాయన్నది ఇంటి ధరకన్నా పెద్ద విషయం. డాలస్‌లో బ్యాంకులు, టెలికాం, 2017లో పక్కనున్న ప్లేనోకు తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని తరలించిన టొయోటా లాంటివి ఉన్నాయి. నార్త్ కరోలినాలో షార్లెట్‌కు బ్యాంకులు, రాలీకి 1959 నుంచీ ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు. ఇంతకన్నా చవగ్గా దొరికే చిన్న ఊళ్ళో రిమోట్ ఉద్యోగాన్ని నమ్ముకుని ఇల్లు కొనడం వీసా మీద ఉన్నవారికి తగదు. ఉద్యోగ చట్టాలూ ఒకేలా ఉండవు. కాలిఫోర్నియాలో పోటీ కంపెనీలో చేరకూడదన్న ఒప్పందాలు చెల్లవు, టెక్సాస్‌లో సహేతుకమైనవి చెల్లుతాయి. కాలిఫోర్నియాలో పసిబిడ్డ కోసం రాష్ట్రం తరఫున ఎనిమిది వారాల వేతన సెలవు దొరుకుతుంది. టెక్సాస్‌లో అలాంటి పథకం లేదు, కంపెనీ ఇస్తేనే ఉన్నట్టు.

పిల్లల వయసు చాలా ప్రశ్నలను తేల్చేస్తుంది. అయిదో తరగతిలోపు పిల్లలు కొత్త బడిలో త్వరగా కుదురుకుంటారు. పదకొండో తరగతి పిల్లవాణ్ణి మార్చడం మాత్రం దాదాపు ఎప్పుడూ మంచి ఆలోచన కాదు. దీనికి స్నేహాలతో పాటు కాలేజీ లెక్క కూడా కారణం. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూల్లో మొదటి 10 శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి మాత్రం ఆ గీత 2026 ప్రవేశాల నుంచి 5 శాతం. మంచి స్కూలని వెతికి వెతికి తెలుగు, తమిళ, చైనా పిల్లలంతా చేరిన హైస్కూల్లో చేర్చితే, అదే పిల్లవాడు మొదటి 5 శాతంలోకి రావడం కష్టం. రేటింగులో పదికి పది ఉన్న బడి ఈ ఒక్క విషయంలో ప్రతికూలం కావచ్చు. స్థానికుల ఫీజు దక్కాలంటే చాలా రాష్ట్రాల్లో పన్నెండు నెలల నివాసం చూపించాలి. కాలిఫోర్నియా వదిలి వెళ్తే అక్కడి యూసీ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా బయటి రాష్ట్రం ఫీజు పడుతుంది. ఏడాదికి అదనపు భారమే 30,000 డాలర్ల పైమాట. పన్నులో మిగిలిన నాలుగేళ్ళ సొమ్మును ఒక్క ఏడాది చదువు తినేయగలదు.

ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి. 1969 నాటి లాంటర్‌మన్ చట్టం వల్ల కాలిఫోర్నియాలో రీజినల్ సెంటర్ల సేవలు ఆ పిల్లల హక్కు. టెక్సాస్‌లో ఇలాంటి సేవలకు మెడికెయిడ్ వెయివర్ జాబితాలో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. బడిలో ఇచ్చే ప్రత్యేక విద్యా ప్రణాళిక మాత్రం ఫెడరల్ చట్టం కిందది. కొత్త స్కూల్ డిస్ట్రిక్టు తన పరీక్షలు చేసుకునేదాకా పాతదానికి దీటైన సేవలు ఇవ్వాల్సిందే. ఇలాంటి ఇంటికి చౌక రాష్ట్రం అన్న మాటకు అర్థమే వేరు.

ఇంట్లో అందరికీ ఈ మార్పు ఒకేలా ఉండదు. జీతం తెచ్చేవారి ఉద్యోగం రిమోట్‌గా వెంట వస్తుంది. హెచ్-4 మీద పనిచేస్తున్న భార్య ఉద్యోగం, ఆమె పదేళ్ళుగా అల్లుకున్న పరిచయాలు, పిల్లలకు ఒంట్లో బాగోకపోతే వచ్చి కూర్చునే స్నేహితురాలు వెంట రారు. డాలస్‌లో తెలుగు సంఘాలకూ మనబడి తరగతులకూ లోటు లేదు కాబట్టి ఆ వెలితి త్వరగా పూడుతుందనుకుంటారు. తెలుగువాళ్ళు ఉండటం వేరు, మనవాళ్ళు ఉండటం వేరు. హైదరాబాదు నుంచి వచ్చే అమ్మానాన్నలు గల్ఫ్ విమానసంస్థల్లో ఒక్కచోట మారి డాలస్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో దిగగలరు. వాటిలో రాలీ వెళ్ళాలంటే అమెరికాలో మరోసారి మారాలి. వచ్చాక బస్సూ రైలూ లేని శివారులో కారు నడపని పెద్దలు పగలంతా ఇంటికే పరిమితమవుతారు. ఇద్దరూ సమాన అధికారంతో వద్దనగలిగినప్పుడే ఈ నిర్ణయం నిలుస్తుంది. ఒకరు ఒప్పించి, మరొకరు ఒప్పుకుని వెళ్ళిన ఇళ్ళలో మొదటి వేసవికే పంచాయితీ మొదలవుతుంది.

లెక్కలన్నీ అనుకూలంగా తేలినా వెళ్ళగానే కొనకపోవడం మంచిది. ఆగస్టులో ఒక వారం అక్కడ ఉండి, ఉదయం ఎనిమిదికి ఆఫీసు దారిలో కారు నడిపి చూడాలి. వసంతంలో బిల్డరు చూపించే మోడల్ ఇంటికీ ఆగస్టు మధ్యాహ్నానికీ చాలా దూరం. ఆ తర్వాత ఏడాది అద్దెకుంటే స్కూలు, రోడ్డు టోల్, కరెంటు బిల్లు అన్నీ అనుభవంలోకి వస్తాయి. సామాను ఖర్చుకు 2018 నుంచి సైనికులకు తప్ప దాదాపు ఎవరికీ ఫెడరల్ పన్ను మినహాయింపు లేదు. కంపెనీ ఇచ్చే రీలొకేషన్ సొమ్మునూ జీతంగానే లెక్కిస్తారు, చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. సరికొత్త ఇల్లు కొన్నవారు రెండో ఏడాదికి సిద్ధంగా ఉండాలి. టెక్సాస్‌లో పన్ను జనవరి 1 నాటి విలువ మీద వేస్తారు. ఆ రోజున ఇల్లు పూర్తికాకపోతే మొదటి బిల్లు దాదాపు స్థలానికే వస్తుంది. మరుసటి ఏడాది ఇంటితో కలిపి వచ్చేసరికి బ్యాంకు నెలవారీ వాయిదాను ఒక్కసారిగా వందల డాలర్లు పెంచుతుంది.

చేరాక చేయాల్సిన పనులకు గడువులున్నాయి. పౌరులు కానివారు పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలపాలి, గ్రీన్‌కార్డు ఉన్నవారైనా సరే. డ్రైవింగ్ లైసెన్సుకు టెక్సాస్‌లో 90 రోజులు, నార్త్ కరోలినాలో 60 రోజులు. కారు రిజిస్ట్రేషన్‌కు టెక్సాస్ ఇచ్చేది 30 రోజులే. ఇల్లు కొన్నవారు హోమ్‌స్టెడ్ దరఖాస్తును కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు స్వయంగా పంపాలి, ఉచితంగా. డబ్బు తీసుకుని చేసిపెడతామని వచ్చే ఉత్తరాలను పక్కన పెట్టొచ్చు. మారిన ఏడాదికి పాత రాష్ట్రంలో ఏడాదిలో కొంతకాలపు నివాసిగా పన్ను రిటర్ను వేయాలి. కొత్త రాష్ట్రంలో ఆదాయప్పన్ను ఉంటే అక్కడా మరొకటి. అందుకు పాత ఇంటి అద్దె ఒప్పందం ముగింపు, కొత్త లైసెన్సు, పిల్లల బడి చేరిక, సామాను రసీదు వంటి తేదీలు చూపే కాగితాలన్నీ ఒక ఫైలులో ఉంచుకోవాలి. పాత రాష్ట్రం తర్వాతెప్పుడైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పేది ఆ ఫైలే.